గట్టుమీద ఎండిన పడవ: పాత మోటార్ క్రూజర్లపై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: థేమ్స్ నదిపై కుటుంబంతో తిరగడానికి పాత మోటార్ క్రూజర్ కొనదలచిన ఇంగ్లండు తెలుగువారు చెక్క పడవను ఎంచుకోవాలా, ఫైబర్‌గ్లాసు పడవనా?

జవాబు: తెరచాప లేకుండా ఇంజిను బలంతోనే నడుస్తూ, పడక బల్లలు, చిన్న వంటగది, కప్పు ఉన్న గదులతో కొన్ని రోజులపాటు నీటిమీదే ఉండడానికి వీలుగా కట్టిన పడవను మోటార్ క్రూజర్ అంటారు. గోదావరి లాంచీ ప్రయాణికులను రేవునుంచి రేవుకు చేర్చడానికి పుట్టినదైతే, క్రూజర్ ఒక కుటుంబం విహారానికి పుట్టినది. థేమ్స్ ఒడ్డున చెర్ట్సీలో బేట్స్, నార్ఫోక్‌లోని బ్రండాల్‌లో బ్రూమ్, స్కాట్లండులో రోస్‌నీత్ వద్ద సిల్వర్ వంటి కార్ఖానాలలో కట్టిన చెక్క క్రూజర్లు ఇప్పటికీ అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. 1950ల చివరినుంచి ఫ్రీమన్ వంటి సంస్థలు ఫైబర్‌గ్లాసును వాడడంతో ధరలు, పోషణ భారం రెండూ తగ్గాయి. ఫైబర్‌గ్లాసుకు వచ్చే ప్రధాన జబ్బు ఆస్మోసిస్, అంటే పైపూతలోంచి నీరు మెల్లగా ఇంకి బొబ్బలు లేవడం. అది నెమ్మదిగా సాగేది, చికిత్సకు లొంగేది. చెక్క పడవ జబ్బులు అంత ఓపిక పట్టవు. కనుక వారానికోసారైనా పడవ దగ్గరకు వెళ్ళే వీలు లేనివారికి ఫైబర్‌గ్లాసే తగినది. ఆ వీలూ, చేతిపనిపై ఇష్టమూ రెండూ ఉన్నవారికి మాత్రం చెక్క క్రూజర్ ఇచ్చే తృప్తి వేరే పడవ ఏదీ ఇవ్వలేదు.

ప్రశ్న: కొత్త రంగుతో, వార్నిష్‌తో మెరిసిపోతున్న పడవలో లోపాలను పసిగట్టడం ఎలా?

జవాబు: పడవను పాడుచేసేది అది తేలుతున్న నీరేనని చాలామంది అనుకుంటారు గాని, చెక్క క్రూజర్‌కు అసలు శత్రువు పైనుంచి కురిసే వాన. ఉప్పునీరు చెక్కను తినే బూజును చాలావరకు ఎదగనివ్వదు. గాలి ఆడని మూలల్లో నిలిచిన వాననీరు ఆ బూజును పెంచి చెక్కను చివికిపోయేలా చేస్తుంది. అందుచేత వెతకవలసిన చోట్లు ముందే తెలిసినవి: గది గోడలు డెక్కుతో కలిసే అంచు, కిటికీల కింది మూలలు, వెనుక పలక చివరలు, ముందు ముక్కు దూలం పైభాగం, తలుపులు మూసి ఉంచిన అలమరల అడుగు. ఈ చోట్ల కొత్త రంగు మిగిలిన భాగాలకంటే మందంగా కనబడితే అది శ్రద్ధకు గుర్తు కాదు, అనుమానించవలసిన విషయం.

ధర కుదిరినప్పుడు సాధారణంగా పదోవంతు బయానా ఇచ్చి, తనిఖీ ఫలితానికి లోబడి కొంటామని రాతపూర్వకంగా ఒప్పుకోవడం అక్కడి ఆచారం. ఆ తనిఖీ చేసే నిపుణుణ్ణి మెరైన్ సర్వేయర్ అంటారు. అతణ్ణి కొనేవారే ఎంచుకోవాలి, అమ్మేవారు సూచించినవారిని తీసుకోకూడదు. పైగా చెక్క పడవలపై ప్రత్యేక అనుభవం ఉన్నవాడై ఉండాలి. పడవను నీటినుంచి పైకి ఎత్తించి, చిన్న సుత్తితో పలక పలకనూ తట్టి, గట్టి చెక్క మోతకూ చివికిన చెక్క మొద్దుబారిన చప్పుడుకూ ఉన్న తేడాను బట్టి అతడు దారి పట్టుకుంటాడు. పడవ అడుగున ముక్కునుంచి వెనుకదాకా సాగే ప్రధాన దూలాన్ని కీల్ అంటారు. దానిని బిగించే బోల్టులలో ఒకటి రెండింటిని ఊడదీసి చూడనిమ్మని అమ్మేవారిని అడగాలి, ఒప్పుకోకపోతే ఆ బోల్టులు మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించుకోవాలి. ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనుమును తినేస్తుంది కాబట్టి, ఓక్ దూలాల్లో దిగిన ఇనుప బోల్టు రెండు చివరలా బాగుండి నడుమ పెన్సిలంత సన్నబడి ఉండడం అరుదు కాదు. నీటిమట్టం కింద ఉన్న కవాటాలు ఇత్తడివైతే, కాలక్రమంలో వాటిలోని జింకు కరిగిపోయి గులాబీ రంగు పెళుసు రాగి మాత్రమే మిగులుతుంది. అలాంటి కవాటం ఒక్కటి విరిగినా పడవ రేవులోనే మునుగుతుంది. కంచు కవాటాలకు అయ్యే ఖర్చులో పొదుపు వెతకరాదు.

ప్రశ్న: యాజమాన్యపు కాగితాల విషయంలో ఏమి చూడాలి?

జవాబు: బ్రిటిష్ నౌకల రిజిస్టరులో ఒకటో భాగం, మూడో భాగం అనేవి విహార పడవలకు సంబంధించినవి. ఒకటో భాగంలో నమోదైన పడవను 64 వాటాలుగా లెక్కిస్తారు; యజమానులెవరో, తాకట్టు ఉందో లేదో అందులో తెలుస్తుంది. మూడో భాగపు నమోదు ఎంత చౌకో అంత పలుచన, అది యాజమాన్యానికి రుజువు కాదు. రెండింటిలో ఏదీ లేని పడవ అయితే ఒక యజమాని నుంచి మరొకరికి చేతులు మారిన విక్రయ పత్రాల వరుస తెగకుండా ఉండాలి. రేవు అద్దె బకాయిలు లేవని రేవు నిర్వాహకులతో రాయించుకోవడం కూడా అవసరమే.

ప్రశ్న: 30 అడుగుల క్రూజర్‌ను సొంత కారు వెనుక ట్రైలర్ కట్టి తెచ్చుకోవచ్చునా?

జవాబు: సాధారణంగా వీలుకాదు. 2021 డిసెంబరు 16 నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు బరువున్న ట్రైలర్‌ను లాగడానికి అనుమతి వచ్చినా, ఆ పొడవున్న చెక్క క్రూజర్ బరువు ట్రైలర్‌తో కలిపి ఆ హద్దును దాటుతుంది; కారు లాగే ట్రైలర్ వెడల్పు 2.55 మీటర్లకు మించరాదన్న నియమం కూడా అడ్డువస్తుంది. పని అనుభవజ్ఞులైన పడవ రవాణాదారులకు అప్పగించాలి. పడవ వెడల్పు 2.9 మీటర్లు దాటితే దారిలోని పోలీసు శాఖలకు రెండు పూర్తి పనిదినాల ముందు తెలపాలి, 3.5 మీటర్లు దాటితే లారీ వెంట సహాయకుడు ఉండాలి. ఎత్తు గురించి ఇంకా జాగ్రత్త అవసరం. అక్కడి రోడ్లపై ఎత్తు బోర్డు లేని వంతెన కింద కనీసం 5.03 మీటర్ల ఖాళీ ఉంటుంది కాబట్టి, లారీపై ఎక్కిన పడవ అంతకు లోబడేలా చుక్కాని గది పైభాగాన్ని, స్తంభాన్ని ముందే విప్పి విడిగా కట్టాలి.

క్రేన్‌తో ఎత్తేటప్పుడు పట్టీలను లోపలి అడ్డుగోడలకు సూటిగా కిందనే వేయాలి. ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసుమీద పట్టీ పడితే అది వంగిపోతుంది. పట్టీలు పైన దగ్గరకు లాగి పక్కలను నొక్కకుండా వాటి మధ్య అడ్డుదూలం ఉంచాలి. లారీపై పడవ బరువంతా కీల్ కింద వరుసగా పెట్టిన దిమ్మెలపైనే నిలవాలి, పక్క ఆధారాలు ఒరగకుండా ఆపడానికే తప్ప మోయడానికి కావు. ఈ ఒక్క నియమాన్ని పట్టించుకోకపోవడం వల్ల ఎనభై ఏళ్ళు చెక్కుచెదరని పడవ ఒక్క మధ్యాహ్నంలో ఆకారం కోల్పోగలదు.

నీటిదారిన తేవాలనుకునేవారు ముందు వంతెనలనూ లాకులనూ కొలుచుకోవాలి. గోదావరి డెల్టా కాలువలు తెలిసిన పాఠకులకు లాకు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. టెడింగ్టన్‌కు పైన థేమ్స్ ఆటుపోట్లు లేని నది; అక్కడ ప్రయాణం సుఖమే గాని, ఆక్స్‌ఫర్డ్‌లోని ఓస్నీ వంతెన కింద ఖాళీ 7 అడుగుల 6 అంగుళాలే కనుక ఎత్తయిన గది ఉన్న క్రూజర్ అక్కడితో ఆగవలసిందే. ఆక్స్‌ఫర్డ్ కాలువ లాకులు సుమారు 7 అడుగుల వెడల్పువి కాబట్టి ఆ దారిన ఉత్తరానికి పోయే ఆశ పెద్ద క్రూజర్లకు లేదు. టెడింగ్టన్ దిగువన ఆటుపోట్లలోకి, పరీక్షించని ఇంజినుతో ఏ పడవనూ తీసుకుపోరాదు.

ప్రశ్న: కొన్నేళ్ళుగా గట్టుమీదే ఉన్న పడవ పలకల మధ్య సందుల్లోంచి వెలుగు కనబడుతున్నది. వాటిని ఎపాక్సీతో గట్టిగా పూడ్చేస్తే సరిపోదా?

జవాబు: పాత పడవలకు మంచి ఉద్దేశంతో జరిగే హానిలో ఇదే పెద్దది. పలకలను అంచుకు అంచు ఆనించి, లోపలి వంపు బద్దలకు రాగి మేకులతో బిగించే నిర్మాణాన్ని కార్వెల్ అంటారు. ఆ పలకలు నీటిలో ఉన్నంతకాలం తడి పీల్చి ఉబ్బి, ఒకదానినొకటి ఒత్తుకుని నీటిని ఆపుతాయి. గట్టుమీద ఎండితే కుంచించుకుపోయి సందులు తెరుచుకుంటాయి. ఎండిన సందులో ఎపాక్సీ వంటి రాయిలా గట్టిపడే పదార్థం నింపితే, పడవ మళ్ళీ నీటిలోకి దిగి పలకలు ఉబ్బినప్పుడు వాటికి చోటు ఉండదు. ఆ ఒత్తిడికి మేకులు సడలుతాయి, వంపు బద్దలు విరుగుతాయి. ఏళ్ళ తరబడి గట్టుమీద ఉంచడం కాపాడడం కాదని, ఎండబెట్టి హింసించడమేనని అమ్మేవారికీ కొనేవారికీ తెలియాలి.

సరైన పద్ధతి పాతదే. సందులోని చచ్చిన పదార్థాన్ని జాగ్రత్తగా గీకివేసి, నూలు పోగును మొండి ఉలివంటి పనిముట్టుతో, కొయ్య సుత్తితో మితంగా దట్టించి, దానికి రంగు తాగించి, పైన మెత్తగానే ఉండే లప్పం పట్టించాలి. దీనిని కాకింగ్ అంటారు. చెక్క ఓడల నిర్మాణానికి ఒకప్పుడు పేరుమోసిన కోరంగి ఉన్న సీమనుంచి వెళ్ళినవారికి ఇది పరాయి విద్య అనిపించనక్కరలేదు. నూలును మరీ బిగించి కొట్టడమూ ఎపాక్సీ అంత తప్పే. నీటిలోకి దింపే ముందు కొన్ని రోజులపాటు లోపల తడి గోనెపట్టాలు పరచి చెక్కకు తేమ అందించాలి గాని, పడవ నిండా నీరు పోయరాదు. బయట నీటి ఆసరా లేనప్పుడు లోపలి నీటి బరువు పలకలను విడదీస్తుంది. దింపిన తరువాత ఒక రాత్రంతా క్రేన్ పట్టీల్లోనే వేలాడనిచ్చి, రెండు పంపులను సిద్ధంగా ఉంచితే, మొదట ధారగా వచ్చే నీరు పలకలు ఉబ్బేకొద్దీ చెమ్మగా తగ్గుతుంది.

చివికిన పలకను మొత్తం తీసివేయనక్కరలేదు. దెబ్బతిన్న మేరకు కోసి, మందం ఒక అంగుళమైతే ఎనిమిది అంగుళాల ఏటవాలు ఉండేలా రెండు చివరలనూ చెక్కి, అదే జాతి చెక్కతో అతికితే పాత కొలత, పాత వంపు నిలుస్తాయి. మొత్తం పడవ వెలుపల ఫైబర్‌గ్లాసు తొడుగు వేయించే సలహాను తిరస్కరించాలి. అది లోపలి తేమను బంధించి, చివుకు కనబడకుండా మాత్రమే చేస్తుంది.

ప్రశ్న: పాత పెట్రోలు ఇంజినును తీసి డీజిలు ఇంజిను పెట్టాలా?

జవాబు: పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక పడవ అడుగున, బిల్జ్ అనే గుంటలో పేరుకుని ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఇంజిను తిప్పే ముందు కొన్ని నిమిషాలు గాలిని బయటకు తోసే ఫ్యాను నడపడం ప్రాణరక్షణ నియమం. పిల్లలతో తిరిగే కుటుంబానికి బీఎంసీ 1.5 లేదా పెర్కిన్స్ 4108 వంటి డీజిలు ఇంజిను మేలు. పడవతో పుట్టిన ఇంజిను పనిచేసే స్థితిలో ఉంటే మాత్రం దానిని పారవేయకుండా నూనెపట్టి భద్రపరచాలి, దాని విలువ మార్కెట్టులో కంటే చరిత్రలో ఎక్కువ. ఏ ఇంజినైనా ఇరుసుతో సూటిగా ఉన్నదీ లేనిదీ పడవ తేలిన కొద్ది రోజుల తరువాతే సరిచూడాలి, ఎందుకంటే గట్టుమీది ఆకారమూ నీటిలోని ఆకారమూ ఒకటి కావు. చలికాలానికి ముందు ఇంజినులోని నీటిని ఖాళీ చేయకపోతే అది గడ్డకట్టి దిమ్మెను పగలగొడుతుంది.

ప్రశ్న: "డన్‌కర్క్‌కు వెళ్ళిన పడవ" అని చెప్పి ఎక్కువ ధర అడుగుతున్నారు. నమ్మవచ్చునా?

జవాబు: 1940 మే 26 నుంచి జూన్ 4 వరకు ఫ్రాన్సు తీరంనుంచి 3,38,226 మంది సైనికులను తరలించిన ఆ సాహసంలో వందలాది చిన్న పడవలు పాల్గొన్నాయి. టైటానిక్ ప్రమాదంనుంచి బయటపడిన అధికారి చార్లెస్ లైటోలర్ తన సొంత మోటార్ పడవ సన్‌డౌనర్‌లో 120 మందికి పైగా సైనికులను తెచ్చినది అప్పుడే. అంతటి గౌరవాన్ని మాటమీద ధరగా మార్చుకోనివ్వకూడదు. డన్‌కర్క్ లిటిల్ షిప్స్ సంఘం గుర్తించిన పడవ అయితే ఆధారం దొరుకుతుంది. లేకపోతే అది కథ మాత్రమే. 50 ఏళ్ళు దాటి, 33 అడుగులకు మించి పొడవున్న పడవలకు చారిత్రక నౌకల జాతీయ రిజిస్టరు ఉంది, అందులో వెతకడమూ మేలు.

ప్రశ్న: డబ్బు పరిమితం. ఏ పని ముందు చేయాలి?

జవాబు: వాన పడకుండా, గాలి ఆడేలా కప్పు ముందు. తరువాత కీల్, బద్దలు, పలకలు, కవాటాలు. ఆపైన ఇంజిను, వైరింగ్, గ్యాసు గొట్టాలు. ఈ చివరి మూడూ సరిగా లేకపోతే నాలుగేళ్ళకొకసారి తీసుకోవలసిన బోట్ సేఫ్టీ సర్టిఫికెట్టు రాదు, అది లేకుండా నదిపై తిరగడానికి అనుమతీ దొరకదు. వార్నిష్, పరుపులు, ఇత్తడి మెరుగు అన్నిటికంటే చివర. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, మెరిసే గదిని చివికిన అడుగుమీద నిలబెడతారు. మట్టినేల ఉన్న, వేడిచేయని షెడ్డు దొరికితే చెక్క అతిగా ఎండకుండా పని సాగుతుంది. అలాంటి చోటు కుదిరేవరకు చెక్క క్రూజర్‌కు బయానా ఇవ్వకపోవడమే మంచిది.