పాత ట్రాక్టర్ డీజిల్‌లో నీళ్లు కలిస్తే ఏం చేయాలి? (వీడియోతో పాటు చదవండి)



మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు నల్లరేగడిలో వాన పడ్డాక విత్తనానికి దొరికే పదును కొద్ది రోజులే. సరిగ్గా అప్పుడే పాత ట్రాక్టర్ మొరాయిస్తే గొర్రు ఆగిపోతుంది, పదును ఆరిపోతుంది. వానాకాలంలో ఇలా ఆగే బండ్లలో ఒక ముఖ్య కారణం డీజిల్‌లో నీళ్లు. ట్యాంకులో ఉన్నప్పుడే నీళ్లు తీసేస్తే పని ఒక పూటలో అయిపోతుంది. అవే పంపులోకి, నాజిల్‌లోకి వెళ్తే ఖర్చు వేలల్లోకి పోతుంది. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

- సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ గాలిలోని తేమ చెమటలా పట్టి అడుక్కి జారుతుంది.
- ట్యాంకు మూత రబ్బరు వాషర్ చీలితే వాననీళ్లు నేరుగా దిగుతాయి.
- డ్రమ్ము వానలో నిలువుగా పెడితే పైన నీళ్లు నిలుస్తాయి. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బిరడా సందులోంచి గాలితో పాటు ఆ నీళ్లనూ లోపలికి లాక్కుంటుంది.
- కడిగి ఆరబెట్టని క్యాన్లు, గరాటులు.

ఎలా గుర్తుపట్టాలి?

స్టార్ట్ అయి ఆగిపోవడం, లోడు పడితే గుంజలేకపోవడం, తెల్లపొగ, కొట్టుకుంటూ నడవడం. ఇవి ఫిల్టర్ మూసుకుపోయినా, లైన్‌లో గాలి చేరినా కూడా వస్తాయి. అందుకే సీసా పరీక్ష చేయండి. ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగున గీత గీసినట్టు వేరవుతాయి. అనుమానముంటే మిఠాయిల్లో వేసే రంగుపొడి చిటికెడు వేయండి. నీళ్లకు రంగు పట్టుకుంటుంది, డీజిల్‌కు పట్టదు. వీడియోలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

నీళ్లుంటే నష్టమేంటి?

ఇంజెక్షన్ పంపులో ప్లంజర్లకు జారుడునిచ్చేది డీజిలే. వాటి మధ్య సందు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. అక్కడికి నీళ్లు వస్తే జారుడు తగ్గి అరుగుతాయి, తుప్పు పడతాయి. ఇంకోటి, నీళ్లు డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి మడ్డి కట్టి ఫిల్టర్ మూసేస్తాయి. జీవామృతంలో సూక్ష్మజీవులు మనకు బలం. డీజిల్ ట్యాంకులో మాత్రం అవి ఇంజన్‌కు శత్రువులు!

వరుసగా చేయాల్సిన పని

1. అనుమానం వచ్చిన వెంటనే సెల్ఫ్ కొట్టడం ఆపండి. కొట్టే కొద్దీ నీళ్లు ముందుకు పోతాయి. తోసి స్టార్ట్ చేయడం కూడా వద్దు.
2. బండిని చదునుగా, వీలైతే రాత్రంతా నిలపండి. నీళ్లు అడుక్కి చేరతాయి.
3. దగ్గర్లో బీడీ, మంట లేకుండా చూసుకుని, కింద వెడల్పు బేసిన్ పెట్టి ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పండి. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. నీళ్లు బాగా ఉంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేయండి.
4. గాజు గిన్నె ఉంటే విప్పి తుడవండి. ఫిల్టర్లలో ఉన్నది కూడా వదిలేసి, కొత్త ఎలిమెంట్లు వేయండి.
5. మంచి డీజిల్ పోసి, ఫీడ్ పంపు మీది చేతి ప్రైమర్ కొడుతూ ముందు ఫిల్టర్ స్క్రూ దగ్గర, తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర గాలి తీయండి. బుడగలు ఆగాక బిగించండి.
6. అప్పుడు స్టార్ట్ చేయండి. ఇంజన్ తిరుగుతుంటే నాజిల్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

ఇంత చేశాక కూడా కొట్టుకుంటుంటే పంపు, నాజిల్ టెస్టింగ్ తెలిసిన మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. ఇంట్లో విప్పొద్దు. నీళ్లు పోతాయని డీజిల్‌లో పెట్రోలు కలపడం ఇంకా ప్రమాదం. మంట అంటుకునే గుణం పెరుగుతుంది, పంపుకు జారుడూ తగ్గుతుంది. గుడ్డలో వడకట్టినా నీళ్లు పూర్తిగా పోవు.

2009 అక్టోబరులో తుంగభద్ర వరదకు మంత్రాలయం, కర్నూలు మునిగాయి. అలా నీళ్లలో మునిగిన బండి అయితే ఇది చాలదు. ఇంజన్ ఆయిల్, ఎయిర్ క్లీనర్ కూడా చూపించాకే స్టార్ట్ చేయాలి.

పెట్రోలు బండికి తేడా ఉంది

20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇథనాల్ నీళ్లను పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీళ్లు కలిసి అడుక్కి దిగిపోతాయి. ఊపితే మళ్లీ కలవదు. కాబట్టి పాత మోపెడ్, బైకుల్లో ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, కార్బురేటర్ గిన్నె స్క్రూ విప్పి వదిలేయాలి.

తీసిన డీజిల్ ఎక్కడ పోయాలి?

ఇది మన లాంటి ప్రకృతి వ్యవసాయ రైతులకు అసలు ప్రశ్న. గట్టు మీద, చేనులో, బావి దగ్గర పోయొద్దు. వానపాములకు, సూక్ష్మజీవులకు అది విషం, నీళ్లలోకీ దిగుతుంది. క్యాన్లో రెండు రోజులు నిలపండి. పైన తేలిన డీజిల్ స్పేర్లు కడగడానికి వాడుకోండి, ట్యాంకులో మాత్రం తిరిగి పోయొద్దు. అడుగు నీళ్లు, కడిగిన డీజిల్ మూతపెట్టి, వాడిన ఇంజన్ ఆయిల్ సేకరించే చోట ఇవ్వండి. డీజిల్ పట్టిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా జీవామృతానికి వాడొద్దు.

ముందు జాగ్రత్త

సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టండి. డ్రమ్ము నీడలో పక్కకు పడుకోబెట్టండి, రెండు బిరడాలూ లోపలి డీజిల్ మట్టం కిందే ఉండాలి. అప్పుడు వాసర లోపలికి పీల్చుకోదు. వానాకాలంలో వారానికోసారి ఫిల్టర్ కింది ప్లగ్గు వదులు చేసి గ్లాసెడు డీజిల్ పట్టి చూడండి. మూత వాషర్ ఏటా తొలకరికి ముందే మార్చేయండి. ఒక జత ఫిల్టర్ ఎలిమెంట్లు ఇంట్లో ఉంటే, పదును రోజున ఆదోనికో ఎమ్మిగనూరికో పరుగెత్తే పని ఉండదు.