లైను చివరి పొలం – ఓమ్ సూత్రం

ఓమ్ సూత్రం రాని సైన్సు విద్యార్థి మన కాలేజీలో ఉండడు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం. అంతవరకూ అందరం చెప్పేస్తాం. కానీ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఏ రైతైనా "ఓల్టేజీ లేదు బాబూ, మోటారు కాలిపోనాది" అంటే, వోల్టేజి తగ్గితే మోటారు చల్లగా ఉండాలి గాని కాలడమేమిటని అడిగినవాడికి జవాబు చెప్పగలమా? ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

ముందు తేలిక లెక్క. 230 వోల్టుల, 1000 వాట్ల హీటరు తీసుకుందాం. కరెంటు 1000 ÷ 230, అంటే 4.35 ఆంపియర్లు. నిరోధం 230 ÷ 4.35, సుమారు 53 ఓమ్‌లు. వోల్టేజి 180కి పడిపోతే కరెంటు 3.4 ఆంపియర్లే. సామర్థ్యం 612 వాట్లు. వోల్టేజి అయిదో వంతు తగ్గితే వేడి సుమారు రెండు వంతులు తగ్గింది, అయిదింట. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, హీటరుకు మాత్రం ప్రమాదం లేదు.

మోటారు కథ వేరు. బావిలోంచి నీరు తోడే పని తగ్గదు. మోటారు వేగం కొద్దిగానే తగ్గుతుంది గనక దాదాపు అంతే సామర్థ్యం అడుగుతుంది. వోల్టేజి తగ్గిన లోటు కరెంటు పెంచుకుని పూడ్చుకుంటుంది. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు 1.25 రెట్లయితే వేడి 1.56 రెట్లు! ఓవర్‌లోడ్ రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని పని చెయ్యకుండా కట్టేస్తే, కాలేది వైండింగే. నాట్ల వేళ అలా జరిగితే పోయేది మోటారొక్కటే కాదు, మడి కూడా.

మరి లైను చివరనే ఈ బాధ ఎందుకు? తీగకూ నిరోధం ఉంది. రానూపోనూ 2 ఓమ్‌లనుకోండి. 5 ఆంపియర్లు పారితే 10 వోల్టులు తీగే మింగేస్తుంది. 20 పారితే 40 వోల్టులు. 230 బయలుదేరితే చివరకు చేరేది 190. అక్కడి మోటార్లు ఇంకా కరెంటు లాగుతాయి, వోల్టేజి ఇంకా పడుతుంది. ఇదొక విషవలయం.

దీనికి విరుగుడు మన పక్క కొండల్లోనే ఉంది. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్లు ఒక్కొక్కటి 17 మెగావాట్లవి. మూడు ఫేజుల లెక్కన, పవర్ ఫాక్టర్ 1 అనుకుంటే, ఆ సామర్థ్యాన్ని 11 కిలోవోల్టుల దగ్గర పంపడానికి 892 ఆంపియర్లు కావాలి. 132 కిలోవోల్టులకు పెంచి పంపితే 74 చాలు. కరెంటు పన్నెండో వంతయింది గనక అదే తీగలో నష్టం 144వ వంతు. పొలాల్లోనూ ఇదే నీతి: ఎక్కువ వోల్టేజి లైనును మోటార్ల దగ్గరిదాకా తెచ్చి, అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే తక్కువ వోల్టేజి తీగ పొడవు తగ్గుతుంది.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు మోటారు నేమ్ ప్లేటు మీది ఆంపియర్లు చదవండి. నడుస్తుండగా ఎంత లాగుతోందో ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరుతో చూపించండి. నేమ్ ప్లేటు అంకె దాటితే మోటారు ఆపమని చెప్పండి. పరీక్షలో ఈ లెక్కకు వచ్చేవి రెండు మార్కులే. పొలంలో దాని విలువ ఒక పంట.