నాన్న ఎక్కిన విమానం ఎన్ని గంటలు ఎగిరింది?



దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. ఈ సూత్రాన్ని మన పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. గడియారం మారే లెక్క ఇస్తే మాత్రం తడబడతారు. మన ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు ఎన్నో ఇళ్లలో నాన్నో, బాబాయో, మేనమామో సింగపూర్‌లోనో గల్ఫ్‌లోనో పనిచేస్తుంటారు. కాబట్టి ఈసారి పుస్తకంలోని రైలును పక్కనపెట్టి, విమానం టికెట్‌తో మొదలుపెట్టండి.

విశాఖపట్నం నుంచి సింగపూర్‌కు నేరుగా దూరం సుమారు 2,900 కిలోమీటర్లు. విశాఖలో రాత్రి 11.00కి బయలుదేరి, సింగపూర్‌లో ఉదయం 5.30కి దిగుతుందనుకుందాం. ఎన్ని గంటల ప్రయాణమో మీవాడిని అడగండి. ఆరున్నర అంటాడు. వెంటనే తప్పు అనకండి, వేగం కట్టమనండి. గంటకు 446 కిలోమీటర్లు వస్తుంది. జెట్ విమానానికి అది మరీ నెమ్మది. ఇప్పుడు తిరుగు ప్రయాణం: సింగపూర్‌లో రాత్రి 8.00, విశాఖలో 9.30. గంటన్నరే! వేగం 1,933 కిలోమీటర్లు. ధ్వనిని కూడా దాటేసింది. ఇక్కడ పిల్లలకు నవ్వొస్తుంది, తప్పెక్కడుందో వాళ్లే వెతుకుతారు.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 5.30 అంటే మనకు 3.00. అంటే వెళ్లేటప్పుడు 4 గంటలు, వచ్చేటప్పుడూ 4 గంటలే. సగటు వేగం 725. పైకెక్కాక విమానం 800 దాటే పోతుంది కానీ, రన్‌వే దాకా నడవడం, ఎక్కడం, దిగడం కూడా ఆ 4 గంటల్లోనే ఉంటాయి.

రెండున్నర గంటలే ఎందుకు? భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశపు టైము కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశానిది. సింగపూర్ సుమారు 104 డిగ్రీల దగ్గరుంది. తేడా 21.5 డిగ్రీలు, అంటే 86 నిమిషాలు. కానీ గడియారంలో తేడా 150 నిమిషాలు! 1982లో సింగపూర్ తన గడియారాన్ని మలేసియాతో పాటు అరగంట ముందుకు జరిపింది. అంతకుముందు కూడా అది సూర్యుడికన్నా ముందే నడిచేది. అందుకే అక్కడ తెల్లారేసరికి దాదాపు 7 అవుతుంది. రేపు ఉదయం వీడియో కాల్‌లో మీవాడి చేత నాన్ననే అడిగించండి.

ఇంకో మాట, ఇది పెద్దవాళ్లకే. టికెట్ మీద 12వ తేదీ 00.20 అని ఉంటే 11వ తేదీ రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 12 సాయంత్రం తీరిగ్గా శ్రీకాకుళంలో కారెక్కితే విమానంతో పాటు టికెట్ డబ్బూ పోతుంది. తేదీ చదివే పని పిల్లలకే అప్పగించండి. ఒకసారి అర్థమైతే మనకన్నా జాగ్రత్తగా చూస్తారు.

ఆదివారానికి ఒక లెక్క: హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనుక. హైదరాబాద్‌లో రాత్రి 9.30కి బయలుదేరిన విమానం దుబాయ్‌లో 11.45కి దిగింది. ఎన్ని గంటలు ఎగిరింది? వేగమెంత? అమ్మ నిద్రపోకుండా ఫోన్ కోసం చూస్తుంటే, అప్పుడు మన ఇంటి గడియారంలో టైమెంత?