అన్నీ కొంచెం కొంచెం తెలిసిన నర్సమ్మ

"డాక్టరయితే గొప్ప. నర్సమ్మకి అన్నీ కొంచెం కొంచెమేగా వచ్చేది" అని మన హాస్టల్లో కొందరు అంటున్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇప్పుడు కంటికి ఒక డాక్టరు, ఎముకలకు ఒక డాక్టరు, గుండెకు ఒక డాక్టరు ఉన్నారు. ఇది మంచిదే. ఒకే పని ఏళ్ల తరబడి చేస్తే చెయ్యి తిరుగుతుంది. కానీ వాళ్లంతా పట్నంలో ఉంటారు. జబ్బు మాత్రం గూడెంలో మొదలవుతుంది.

పూర్వం పల్లెల్లో కూడా పనులు విడివిడిగా ఉండేవి. మలేరియాకు ఒకరు, మశూచి టీకాకు ఒకరు, కుటుంబ నియంత్రణకు ఒకరు వచ్చేవారు. ఎవరి పని వారిదే. ఇలా వద్దు, అన్ని పనులూ నేర్చిన ఆరోగ్య కార్యకర్తలు ఉండాలి అని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని ప్రభుత్వ లెక్క.

నర్సమ్మ పిల్లలకు టీకా వేస్తుంది. చలిజ్వరం వస్తే వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్ష చేస్తుంది. గర్భిణీల బరువు, బి.పి. చూస్తుంది. రక్తం తక్కువుందేమో చూస్తుంది.

మా ఇంటికి ఒకసారి తమ్ముడి జ్వరం చూడ్డానికి వచ్చింది. పక్కన కూర్చున్న వదిన పాదాలు, మొహం వాచి ఉన్నాయి. వదినకు అప్పుడు ఎనిమిదో నెల. "తల నొస్తుందా?" అని మా భాషలోనే అడిగింది. బి.పి. చూస్తే చాలా ఎక్కువ ఉంది. "ఇది నా చేతిలో లేదు, ఇప్పుడే పెద్దాసుపత్రికి పోవాలి" అంది. వదినను డోలీలో రోడ్డు దాకా మోశారు. అక్కడ కాన్పుల డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికించింది. జ్వరం ఒక్కటే తెలిసినవాళ్లు వస్తే తమ్ముడికి మాత్రలిచ్చి వెళ్లిపోయేవారు.

డాక్టరమ్మ లేకపోతే ఆపరేషన్ లేదు. నర్సమ్మ లేకపోతే వదిన డాక్టరమ్మ దాకా పోయేదే కాదు. ఇద్దరూ కావాలి.

కాబట్టి "నాకు సైన్సు చాలు, తెలుగు ఎందుకు, లెక్కలు ఎందుకు" అనకండి. మందు మోతాదుకు లెక్కలు కావాలి. రిజిస్టరు రాయడానికి తెలుగు కావాలి. మా అవ్వతో మాట్లాడ్డానికి మా భాష కావాలి. ఒకటి బాగా నేర్చుకుందాం, మిగతావీ వదలకుండా నేర్చుకుందాం.

నేనయితే నర్సమ్మనే అవుతాను.

— 9వ తరగతి విద్యార్థిని