చవక చొక్కా, కూలి మొర
పాఠభాగము: యాకోబు 5:1-6

ప్రియులారా, కోతవారి కూలి బిగబట్టిన ధనవంతులను యాకోబు గద్దించుచున్నాడు. ఇది కారియాపట్టివారమైన మనకు దూరపు మాట కాదు. మన దక్షిణ జిల్లాల పల్లెల నుండి ఆడపిల్లలనేకులు మూడేండ్ల ఒప్పందముపై నూలు మిల్లులకు వెళ్లిరి. దానికి 'సుమంగళి' పథకమని పేరు. పెండ్లి సొమ్ము చివర ఒక్కసారే యిత్తుమనిరి. నడుమ జబ్బుపడి యింటికి వచ్చిన పిల్లకు అది దక్కని సందర్భములు కలవు. వరకట్నమును 1961 చట్టము నిషేధించినను, ఈ పథకము ఆ ఆశ మీదనే నడిచెను!

తిరుప్పూరు అద్దకపు నీరు నొయ్యల్ నదిని పాడుచేసెను. 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకశాలలను మూయించెను. 2013లో ఢాకా యొద్ద రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయిరి.

లూకా 3:11 కూడ చదివి, ఈ క్రిస్మసుకు ఇంటికెన్ని జతలు కొందుమో కూడికలో మాటలాడుకొందము. మిల్లులో పనిచేసిన సహోదరి యున్నయెడల మొదట ఆమెనే చెప్పనిత్తము.