బస్తాకి పాతిక లీటర్లు

జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల్లో కట్టుబడి పనులు చూసి చూసి జుట్టు నెరిసినవాణ్ణి. జిల్లా పేరు ఎన్టీఆర్ అయినా మా నోట ఇంకా కృష్ణా జిల్లానే. ముక్త్యాల, జయంతిపురం, బూదవాడ, ఎటు వెళ్లినా సిమెంటు ఫ్యాక్టరీయే కనబడుతుంది. సిమెంటు పుట్టే చోట దాని వాడకం కూడా బాగా తెలిసి ఉంటుందనుకుంటారు. అలాగేం లేదు. కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంటులో ఎం.టెక్ చేస్తూ మా ఇంటికొచ్చి సలహా అడిగే పిల్లలకు చెప్పే మాటలివి. కాలేజీల్లో చేసే పరిశోధన సైటులో పనికిరాదనేవాళ్లు నా ఈడువాళ్లలో చాలామంది ఉన్నారు. నేను ఆ జట్టు కాదు.

1. నీళ్లు కొలిచి పోయించండి

కాంక్రీటు బలం సిమెంటుకి ఎన్ని నీళ్లు కలిపామన్న దానిమీదే ప్రధానంగా ఆధారపడుతుందని 1918లోనే షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ అనే ఆచార్యుడు తేల్చి ప్రకటించాడు. వందేళ్లు దాటింది. మన ఊళ్లలో స్లాబు రోజున మిల్లర్ దగ్గర నిలబడి చూడండి, నీళ్లు ఇప్పటికీ కంటి అంచనాతోనే పోస్తారు.

లెక్క చిన్నదే. నీళ్లకీ సిమెంటుకీ నిష్పత్తి 0.5 అంటే యాభై కిలోల బస్తాకి పాతిక లీటర్లు. ఐఎస్ 456 కోడు ప్రకారం ఎం20 కాంక్రీటుకి, అదీ వాతావరణం తాకిడి తక్కువున్న చోట, 0.55 దాకా పోవచ్చు, అంటే ఇరవై ఏడున్నర. తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాన పడ్డ మర్నాడు అదే కొలత పోస్తే ఎక్కువైనట్టే.

మేస్త్రీకి తెలియక పోస్తాడనుకోకండి. స్లాబు గుత్తకిచ్చాం. మాలు జారుడుగా ఉంటే మోసేవాళ్లకి, పరిచేవాళ్లకి సుఖం, పని తొందరగా తెమిలిపోతుంది. అతని ఖర్చు తగ్గుతుంది, బలం తగ్గిన సంగతి ఆ రోజు ఎవరి కంటికీ కనబడదు. అంటే ఇది మెటీరియల్ సమస్య కంటే మేనేజ్‌మెంటు సమస్య. గుత్త ఒప్పందంలోనే నీళ్ల కొలత రాయాలి. బకెట్టు మీద రంగుతో గీత గీయాలి. ముప్పై సెంటీమీటర్ల స్లంప్ కోను సైటులో పెట్టి, కోను లేపాక మాలు ఎంత కుంగిందో మేస్త్రీ చేతే కొలిపించాలి. జారుడు కావాలంటే అడ్‌మిక్స్చర్ కలపమనండి, నీళ్లు కాదు. కసిరితే వినడు. అదే రోజు రెండు రకాలుగా పోసిన క్యూబులు ఇరవై ఎనిమిదో రోజున అతని ముందే పగలగొట్టి చూపిస్తే వింటాడు.

2. బస్తా మీద ఏం రాసుందో చదవండి

పీపీసీ అంటే పదిహేను నుంచి ముప్పై అయిదు శాతం దాకా ఫ్లైయాష్ కలిసిన సిమెంటు. ఆ బూడిద మనకు కొత్తేం కాదు, ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉందిగా. పీపీసీ నిదానంగా గట్టిపడుతుంది. మామూలు సిమెంటుకి ఏడు రోజుల తడి చాలంటే దీనికి కనీసం పది, మన ఎండలకి పద్నాలుగు దాకా పట్టమని కోడే చెబుతోంది. స్లాబు మీద మడులు కట్టి మూడు రోజులకే వదిలేసి, ‘బూడిద సిమెంటు బలం ఉండదు’ అనడం అన్యాయం.

రేపు ఇంకో రకం రాబోతోంది. స్విట్జర్లాండు లోజాన్‌లో కేరెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలోని లాస్ విల్లాస్ యూనివర్సిటీ, మన దేశంలో ఢిల్లీ, బొంబాయి, మద్రాసు ఐఐటీలు కలిసి పనిచేసిన ఎల్‌సీ3. దీనిలో క్లింకరు సగమే. కాల్చిన బంకమట్టి ముప్పై శాతం, సున్నపురాయి పొడి పదిహేను, జిప్సం అయిదు. క్లింకరుకి 1450 డిగ్రీల వేడి కావాలి, బంకమట్టికి 800 దరిదాపుల్లో చాలు. పైగా సిమెంటు వదిలే బొగ్గుపులుసు వాయువులో పెద్ద వాటా బొగ్గుది కాదు, కాలిన సున్నపురాయిదే. అందుకే క్లింకరు తగ్గిస్తే ఆ వాయువు నలభై శాతం దాకా తగ్గుతుంది. 2023లో మన దేశపు ప్రమాణం కూడా వచ్చింది. మన క్వారీలకు ఇందులో లాభముంది: క్లింకరుకి పనికిరాదని పక్కన పోసే నాసిరకం రాయి ఇక్కడ పనికొస్తుంది.

చిక్కులూ ఉన్నాయి. మాలు బిగుతుగా ఉంటుంది, మేస్త్రీ చెయ్యి మళ్లీ నీళ్ల మీదికే పోతుంది. మట్టిలో ఇనుము ఉంటే సిమెంటుకి ఎర్రజీర వస్తుంది. రంగు చూసి బస్తా వెనక్కి పంపే ఊళ్లు మనవి.

3. నల్లరేగడిని నమ్మకండి

వానకి ఉబ్బి, ఎండకి బీటలు వారే నేల. సాగర్ ఎడమ కాలువ వెళ్లే దారిలో ఇలాంటి నేలలున్నాయి. ఉబ్బని గరుసు మట్టిని నేలకీ లైనింగుకీ మధ్యలో తగినంత మందాన పరిచి కాలువ లైనింగు కాపాడే పద్ధతి ఐఐటీ బొంబాయిలో కట్టి అనే ఆచార్యుడి పరిశోధన నుంచి వచ్చింది. ఇంటి పునాదికి మాత్రం అంతకంటే ముందు నేల పరీక్ష చేయించండి.

4. పిట్టగోడ ఎత్తు పెంచండి

హెల్మెట్ పెట్టుకోమని బోర్డు రాయడం తేలిక. పడే అవకాశమే లేకుండా గీయడం ఇంజనీరు పని. అమెరికాలో జిమ్మీ హింజ్, జాన్ గాంబటీస్ అనే పరిశోధకులు 1990ల నుంచి పట్టుకున్న దారి ఇదే. పిట్టగోడ నలభై రెండు అంగుళాలు ఉంటే, రేపు ట్యాంకు కడిగేవాడికి, సోలార్ పలకలు బిగించేవాడికి అదే రెయిలింగు. మన బిల్డింగ్ కోడు కూడా మీటరుకి తగ్గకూడదంటుంది. మనవాళ్లు రెండడుగుల దగ్గరే ఆపేసి, మిగిల్చిన ఇటుకలతో గేటు దగ్గర అరుగు కడతారు.

5. వారం చివర కూర్చోండి

గ్లెన్ బాలర్డ్, గ్రెగ్ హోవెల్ అనే పరిశోధకులు సైటులు తిరిగి లెక్క తీస్తే, ఆ వారం చేస్తామన్న పనుల్లో పూర్తయినవి సగానికి కాస్త పైన మాత్రమే. కారణం సోమరితనం కాదు, ముందు పని కాకుండానే తర్వాతి పనికి మాటివ్వడం. అందుకే బట్వాడా రోజున తాపీమేస్త్రీని, సెంట్రింగువాణ్ణి, రాడ్‌బెండర్‌ని, కరెంటు పనివాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు దేనికోసం ఆగుతారో వాళ్లనే చెప్పమనండి. కానిదాని ఎదురుగా కారణం రాయండి.

ఆ కారణాల చిట్టాలో, ఏ విదేశీ పుస్తకమూ చెప్పనిది మన దగ్గర ఒకటుంటుంది: మిరపకోతలు. కోతల రోజుల్లో కూలీలు చేలకే పోతారు. పోవాలి కూడా. ఆ నెలల్లో స్లాబులు పెట్టుకోకుండా, తక్కువమందితో నడిచే పనులు ముందే సర్దుకుంటే జాప్యం ఎంత తగ్గుతుందో లెక్కగట్టండి. ప్రాజెక్టు అంశం ఏం తీసుకోమంటారని అడిగే పిల్లలకి నేను ముందు ఇస్తున్నది ఇదే.