కరవు సీమలో స్వతంత్ర కథకుడు

కథకుల జీవితాన్ని గురించి విద్యార్థులలో ఒక అపోహ ఉన్నది. ప్రతిభ ఉంటే చాలు, పత్రికలు వెతుక్కుంటూ వస్తాయనీ, పుస్తకం అచ్చయితే ధనమూ కీర్తీ కలిసి వస్తాయనీ ఎందరో తలుస్తారు. వాస్తవం వేరు. ఏ సంస్థ అండా లేక, అమ్మకం కోసం కథను మార్చక, తాను నమ్మినదే వ్రాసేవారిని స్వతంత్ర రచయిత అనవచ్చును. అట్టివారి కష్టసుఖాలను మన రాప్తాడు ప్రాంతపు ఉదాహరణతోనే పరిశీలిద్దాము.

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టనేలలో, రాప్తాడు మండలంలోని బండమీదపల్లిలో, 1943లో సింగమనేని నారాయణ జన్మించారు. తెలుగు పండితులుగా పాఠాలు చెబుతూనే కథలు వ్రాశారు. తొలి కథ 1960లో అచ్చయినది; తొలి సంపుటి ‘జూదం’ 1988లో వెలువడినది. నడుమ 28 సంవత్సరాలు! 2021లో కన్నుమూసేనాటికి వారు వ్రాసినవి 40కి పైగా కథలు, కొద్ది నవలలు. సంఖ్య స్వల్పమే. కాని వానకూ, అప్పుకూ నడుమ నలిగే వేరుశనగ రైతు బ్రతుకు ఆ కథలలో స్థిరంగా నిలిచినది. తమ కథలతో తృప్తిపడక, 1992లో ‘సీమ కథలు’ సంకలనం కూర్చి తోటి కథకులకూ చోటు కల్పించారు.

ఉద్యోగం చేసేవారు స్వతంత్రులెట్లా అవుతారని కొందరు ప్రశ్నింపవచ్చు. ఉర్దూలో రచన ఆరంభించిన ప్రేమ్‌చంద్ జీవితం దీనికి సమాధానం సూచిస్తుంది. ఆయన 1921లో ప్రభుత్వోద్యోగం వదలి, 1923లో కాశీలో సరస్వతీ ప్రెస్సు స్థాపించారు. నష్టాలు చుట్టుముట్టగా 1934లో బొంబాయి వెళ్ళి సినిమాలకు కథలు వ్రాయవలసివచ్చినది; మరుసటి ఏడే వెనుదిరిగారు. ఒకరు జీతం వదలి అప్పులు మోశారు. మరొకరు జీతం నిలుపుకొని, మిగిలిన వేళలలో కలం పట్టారు. ఏ దారిలోనైనా మూల్యం తప్పదు: మొదటివారిది ధనం, రెండవవారిది కాలం.

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవారి పాట్లు వేరే ఉన్నవి. కాగితం, అచ్చు, బైండింగు ఖర్చులు ముందే చెల్లించాలి. దుకాణదారుడు పుస్తకాలు అమ్ముడైన పిదప, కమీషను మినహాయించుకొని డబ్బు ఇస్తాడు. మిగిలిన ప్రతులు రచయిత ఇంటనే అటక ఎక్కుతాయి. నేడు కంప్యూటరు పుణ్యమా అని కొద్ది ప్రతులే వేసుకొనే సౌకర్యం కలిగినది. అచ్చు సులువైనది గాని పాఠకుని వెతకడం సులువు కాలేదు. దీనికి తోడు భాషా సమస్య. మన పల్లె పలుకుబడిని యథాతథంగా వ్రాస్తే దూరపు పాఠకునికి అందదేమోనన్న సంకోచం. దిద్దితే మన మనిషి మాటే మారిపోతుందన్న బాధ. ఈ రెంటి నడుమ ప్రతి వాక్యాన్నీ రచయితే తేల్చుకోవాలి, ఒంటరిగా.

ఆ ఒంటరితనాన్ని కొంతైనా తగ్గించడం మన చేతిలోనే ఉన్నది. జిల్లా కథకుల పుస్తకాలను ఏటా కొన్నైనా నేరుగా రచయితల వద్దనే కొని గ్రంథాలయంలో ఉంచవలసినదిగా కళాశాల కమిటీవారికి మనవి. విద్యార్థులు ఉర్దూ కథనొకటి, తెలుగు కథనొకటి చదివి, ఒకరికొకరు వినిపించుకొందురు గాక. కరవు నేలలో విత్తనం వేసేవాడు వాన కోసం చూస్తాడు. కథ వ్రాసేవాడు పాఠకుని కోసం చూస్తాడు. వాన మన వశంలో లేదు. చదవడం మన వశంలోనే ఉన్నది.